యజమాని సంతకం లేకపోతే కౌలు రైతు లేనట్టేనా? – శాసనసభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభ, శాసనమండలి సభ్యులకు నమస్కారం.

కౌలు రైతుల సాగుదారు పత్రాల కోసం మండల కార్యాలయాల్లో అర్జీలిచ్చాం. సోమవారాలు కలెక్టరేటు వరసల్లో నిలబడి ఇచ్చాం. ఎక్కువ వాటికి వచ్చిన జవాబు ఒకటే: యజమాని అంగీకారం లేనందున పరిశీలించలేము. కొన్నింటికి "పరిష్కరించబడినది" అని ఫోనుకు మెసేజి వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. ఆ ఉద్యోగుల మీద మాకు కోపం లేదు. చట్టంలో ఏముందో అదే వాళ్లు చదివి చెబుతున్నారు. చట్టం చేసింది సభ కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాం.

పేదరిక నిర్మూలన, సుస్థిర అభివృద్ధి అన్న మాటలు లేని బడ్జెట్ ప్రసంగం ఈ మధ్య మేం వినలేదు. 2030 నాటికి చేరాలని దేశం ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో మొదటిది పేదరికం. అందులోని 1.4వ అంశం పేదలకు భూమి మీద ఉండాల్సిన హక్కుల గురించే మాట్లాడుతుంది. భూమిపై హక్కులు, యజమానికీ కౌలుదారుకూ మధ్య సంబంధం, కౌలు వసూలు: ఇవన్నీ రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్రాల జాబితాలో 18వ అంశం. అంటే ఢిల్లీ వైపు చెయ్యి చూపించి తప్పుకోవడానికి వీల్లేని పని ఇది. పూర్తిగా మీ చేతిలో ఉంది.

ముందు వాస్తవాలు.

జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం 2018–19లో ఆంధ్రప్రదేశ్ సాగు కమతాల్లో 42 శాతానికి పైగా కౌలువే. దేశం మొత్తం మీద ఆ వాటా 17 శాతం. రైతు కుటుంబాల సగటు అప్పులోనూ ఆంధ్రప్రదేశే మొదటి స్థానంలో ఉంది: 2,45,554 రూపాయలు. తెలంగాణది 1,52,113. దేశ సగటు 74,121. కౌలుకూ అప్పుకూ ఉన్న చుట్టరికం పల్లెలో ఎవరిని అడిగినా చెబుతారు. సర్వే దానికి అంకెలు వేసిందంతే.

2011లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ భూ అధీకృత సాగుదారుల చట్టం చేసింది. దాని కింద రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. యజమాని సంతకం తప్పనిసరి కాదు. తహశీల్దారు విచారించి, గ్రామసభ సాక్షిగా ఇవ్వొచ్చు. అమలు అంతంతమాత్రమే అయినా దారి తెరిచే ఉండేది. 2019లో ఆంధ్రప్రదేశ్ సభ దాన్ని తీసేసి పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. ఈ చట్టం ప్రకారం 11 నెలలకు ఒప్పంద పత్రం రాసుకుని, యజమానీ సాగుదారూ ఇద్దరూ సంతకం పెడితే, వీఆర్వో ధ్రువీకరించాక సాగుదారు హక్కు పత్రం వస్తుంది. అందరూ సీసీఆర్సీ అనేది దీన్నే. కాగితం మీద చూస్తే మంచి చట్టమే. యజమానికి భరోసా ఉంది, సాగుదారుకు పంట మీద హక్కు ఉంది. ఆగిపోయేది ఒక్క సంతకం దగ్గరే.

యజమాని ఎందుకు పెట్టడు? దురాశ అని కొట్టిపారేస్తే సమస్య అర్థం కాదు.

మొదటిది పాత భయం. ఆంధ్ర ప్రాంత 1956 కౌలు చట్టంలో కనీస కౌలు గడువు, కౌలుదారుకు కొనుగోలులో ముందు హక్కు లాంటి నిబంధనలు ఉండేవి. తెలంగాణ ప్రాంత 1950 చట్టంలోని 38–ఈ సెక్షన్ కింద రక్షిత కౌలుదారులు భూమికి యజమానులయ్యారు. ఆంధ్రలో 1956 చట్టం రద్దయింది. అయినా "పేరు ఎక్కిందంటే పొలం పోయినట్టే" అన్న మాట రెండు తరాలుగా నడుస్తోంది, రద్దు సంగతి ఇంటింటికీ వెళ్లి చెప్పినవాళ్లు లేరు. రెండోది బ్యాంకు. యజమాని పట్నంలో ఉంటాడు, సాగు చేయడు, కానీ పాసుపుస్తకం పెట్టి పంట రుణం తీసుకుని ఉంటాడు. అదే సర్వే నంబరు మీద కౌలుదారు వెళితే బ్యాంకు మేనేజరు రెండోసారి ఇవ్వలేనంటాడు. కౌలు బయటపడితే తన రుణం తిరగబడుతుందని యజమాని లెక్క. మూడోది పెట్టుబడి సాయం. సాగుదారు పేరు నమోదైతే తన ఖాతాలో పడే డబ్బు ఆగిపోతుందేమోనన్న అనుమానం. ఇవి మూడూ తెలివైన భయాలే. ఒక్క సవరణతో మూడూ పోవు, అందుకే మా కోరికలు ఒకటికి మించి ఉన్నాయి.

సంతకం లేకపోవడం వల్ల మామూలు కుటుంబానికి ఏమవుతుందో వరసగా చెబుతాం.

1. వడ్డీ. డెల్టాలో ఒక ఎకరం సార్వా (వానాకాలం వరి) లెక్క వేసి చూడండి. ఊరిని బట్టి, కాలువ మొదలా చివరా అన్నదాన్ని బట్టి అంకెలు మారతాయి, లెక్క తీరు మాత్రం మారదు. దిగుబడి 75 కిలోల బస్తాలు 30 అనుకుందాం. కౌలు 14 బస్తాలు పోతే మిగిలేది 16 బస్తాలు, అంటే 12 క్వింటాళ్లు. 2025–26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు. చేతికొచ్చేది 28,428. దమ్ము, నారు, ఊడ్పు, కలుపు, ఎరువులు, మందులు, కోత మిషను కలిపి ఖర్చు 26,000 అనుకుంటే మిగులు 2,428 రూపాయలు. ఇప్పుడు వడ్డీ వేయండి. ఎరువుల కొట్టులోనో, ఊళ్లో నోటు రాసో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఆరు నెలలకు 3,120. రైతు 692 రూపాయల నష్టంలో ఉన్నాడు. అదే 26,000 కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకుని గడువులోగా కడితే ఏడాదికి 4 శాతం చొప్పున ఆరు నెలలకు 520. అప్పుడు 1,908 రూపాయలు మిగులు. విత్తనం అదే, వాన అదే, చాకిరీ అదే. లాభనష్టాలు తేల్చింది పొలం కాదు, అప్పు పుట్టిన చోటు. మౌఖిక కౌలుదారులు కూడా ఈ కార్డుకు అర్హులేనని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా తాకట్టు లేకుండా వ్యవసాయ రుణం ఇవ్వొచ్చనీ చెప్పింది. కౌంటరు దగ్గర మాత్రం "పత్రం తెచ్చావా" అనే అడుగుతారు.

2. ధాన్యం అమ్మకం. అప్పు ఇచ్చిన వ్యాపారికే కళ్లంలో కొలవాలి. బస్తాకు వంద రూపాయలు తగ్గించి తీసుకున్నా, ఆ 16 బస్తాల మీద ఇంకో 1,600 పోతాయి. ప్రభుత్వ కొనుగోలుకు వెళదామంటే ఈ-పంటలో (ప్రభుత్వ పంటల నమోదులో) ఎవరి పేరుంటే డబ్బు వాళ్ల ఖాతాకే వెళుతుంది. పత్రం లేనిచోట యజమాని పేరే ఎక్కుతుంటుంది. పట్నంలో ఉన్న యజమాని మంచివాడైతే డబ్బు తిప్పి పంపుతాడు. పంపకపోతే రైతు చేతిలో అడగడానికి ఒక్క కాగితం ముక్క ఉండదు.

3. వరద, తుపాను. 2022–26 కేంద్ర విపత్తు సాయం ప్రమాణాల్లో 33 శాతం, ఆపైన పంట పోతే నీటిపారుదల పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు. ఎకరాకు 6,900కు కాస్త తక్కువ. నష్టం లెక్కలు కొద్ది రోజుల్లో ముగుస్తాయి, పేరు అప్పటికే జాబితాలో ఉండాలి. నీళ్లు నిలిచిన చేలో వీఆర్వో ఫొటో తీస్తున్నప్పుడు గట్టు మీద నిలబడేది కౌలు రైతు, సాయం జమయ్యేది మరొకరికి. బీమాదీ అదే తీరు.

4. చావు తర్వాత. రాయడానికి కష్టమైనా ఇది వదిలేయలేం. 2004 నాటి 421 జీవో నుంచి రైతు ఆత్మహత్యలను ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు కలిసి విచారిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి పరిహారం 7 లక్షలు. తెలంగాణలో 2015 నాటి 194 జీవో ప్రకారం 6 లక్షలు. విచారణలో అడిగేవి రెండే: సాగు చేశాడనడానికి రుజువు, అప్పు ఉందనడానికి రుజువు. సాగుకు పత్రం లేదు. అప్పుకు తెల్లకాగితం మీద నోటు ఉంటే అదీ వ్యాపారి దగ్గరే ఉంటుంది. "రైతు అని నిర్ధారణ కాలేదు" అన్న ఒక్క వాక్యంతో ఫైలు మూసుకుంటుంది. ఆ వాక్యం రాసినవాళ్లు అబద్ధం రాయలేదు, చట్టం దృష్టిలో అతను నిజంగానే రైతు కాడు. తెలంగాణ రైతు బీమా 5 లక్షలు 2018 ఆగస్టు 15 నుంచి 18–59 ఏళ్ల పట్టాదారులకే వర్తిస్తోంది. ఒకే చేలో ఒకే పిడుగు పడి పట్టాదారు, కౌలుదారు ఇద్దరూ పోతే, ఒక్క ఇంటికే చెక్కు వెళుతుంది.

5. నేల. సుస్థిరత గురించి సదస్సుల్లో మాట్లాడేవారు కౌలు గడువు దగ్గర ఎందుకు ఆగరో మాకు అర్థం కాదు. పచ్చిరొట్ట పైరు జీలుగను తొలకరికి చల్లి, 45–50 రోజులకు పూత దశలో కలియదున్నాలి. కౌలు మాట జూన్ చివరికో జూలైకో తేలితే చల్లేదెప్పుడు, దున్నేదెప్పుడు? ప్రకృతి వ్యవసాయంలో వానకు ముందే, వేసవిలోనే నవధాన్యాలు చల్లమంటారు. మే నెలలో చేతిలో చేనే లేని మనిషికి ఆ సలహా ఎందుకు పనికొస్తుంది? ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు తోలితే మొదటి పంటకు అందేది అందులో కొంతే, మిగతా సారం తర్వాతి పంటలకు. వచ్చే ఏడు ఆ చేను ఎవరిదో తెలియనప్పుడు ఎవరు తోలతారు? కారుచౌడు నేలకు జిప్సం వేసి నీళ్లు పెట్టి కడిగితే ఫలితం కనబడడానికి రెండు మూడు పంటకాలాలు పడుతుంది. అందుకని కౌలు రైతు వారంలో పచ్చదనం చూపించే యూరియా వైపే వెళతాడు. మోతాదు మించిన నత్రజనికి సుడిదోమ వస్తుంది, సుడిదోమకు మందు, మందుకు మళ్లీ అప్పు. రైతుకు అవగాహన లేదని శిక్షణ తరగతులు పెడుతున్నారు. అతనికి లేనిది గడువు.

ఆ 11 నెలల గడువు కూడా వింతే. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయించాలి కాబట్టి పట్నంలో ఇళ్ల అద్దెలకు 11 నెలలు రాసుకునే అలవాటు ఉంది. అదే తెచ్చి పొలానికి తగిలించారు. చెరకు మొక్క తోట తర్వాత మోళ్ల నుంచి మళ్లీ వచ్చే కార్శి ఉంటుందని, అరటికి పిలక పంట ఉంటుందని ఆ ముసాయిదా రాసినవారికి ఎవరూ చెప్పలేదేమో.

తెలంగాణ సభ్యులకు విడిగా ఒక మాట. 2011 చట్టం మీకూ వారసత్వంగా వచ్చింది, కార్డులివ్వడం మాత్రం ఆగింది. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తర్వాత కొత్త రికార్డుల్లోంచి అనుభవదారు (చేను సాగు చేస్తున్నవారి) కాలమే పోయింది. ఊరి సాగు రికార్డైన పహాణీలో కాస్తు (సాగు) చేసేవాడి పేరు రాయడం నిజాం కాలం నుంచీ ఉన్నదే. రైతుబంధు 2018లో ఎకరాకు సీజనుకు 4,000తో మొదలై, నేటి రైతు భరోసాలో 6,000 అయింది. అదీ పట్టా ఉన్నవారికే. భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 ఇచ్చే పథకం 2025 జనవరి 26న మొదలైంది, సంతోషం. కానీ అర ఎకరం సొంతం, నాలుగెకరాలు కౌలు ఉన్న మనిషి ఆ జాబితాలోనూ లేడు, కౌలు చేనుకు భరోసాలోనూ లేడు.

ఇది చేయలేని పనేమీ కాదు. పశ్చిమ బెంగాల్ 1978 నుంచి ఊళ్లలో శిబిరాలు పెట్టి, పదిమంది ముందే బర్గాదారుల (పంటలో వాటాకు సాగు చేసే కౌలుదారుల) పేర్లు నమోదు చేసింది. కేరళలో కుటుంబశ్రీ మహిళా బృందాలు కౌలు భూముల్లో సాగు చేస్తూ ఉమ్మడి పూచీ మీద బ్యాంకు రుణాలు తీసుకుంటున్నాయి. ఒడిశా తన రైతు సాయం పథకమైన కాలియాలో కౌలుదారులకూ, భూమిలేనివారికీ చోటిచ్చింది. బెంగాల్ ఇచ్చినంత హక్కు మేం అడగడం లేదు. భూమి యజమానిదే, అందులో వివాదం లేదు. పంట ఎవరు పండించారో రాయండి అంటున్నాం.

మా కోరికలు:

1. 2019 చట్టంలో సంతకం స్థానంలో నోటీసు పెట్టండి. సాగుదారు స్వయంగా ప్రకటన ఇస్తాడు, సరిహద్దు రైతులిద్దరు సాక్ష్యం చెబుతారు, గ్రామసభలో పేరు చదువుతారు, యజమానికి నోటీసు వెళుతుంది. 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే పత్రం ఇవ్వాలి. అభ్యంతరం వస్తే తహశీల్దారు చేను మీదికి వెళ్లి విచారించి 15 రోజుల్లో తేల్చాలి. తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి, ఆర్డీవోకు అప్పీలు ఉండాలి. సంతకం తీసేస్తామన్న మాట చాలాసార్లు విన్నాం. మాకు కావలసింది మాట కాదు, సెక్షన్.

2. "ఈ పత్రం ఎన్నేళ్లు ఉన్నా భూమిపై యాజమాన్య హక్కుకు గానీ, అనుభవ హక్కు వాదనకు గానీ సాక్ష్యంగా చెల్లదు" అన్న వాక్యం పత్రం మీదే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి. యజమాని పెట్టుబడి సాయం పత్రం వల్ల ఆగదని చట్టంలోనే రాయండి. సాగుదారు సాయం వేరుగా ఇవ్వండి. ఇద్దరినీ పోటీ పెడితే ఓడేది ఎవరో మీకు తెలుసు.

3. గడువు పంటను బట్టి ఉండాలి. ఇద్దరికీ ఇష్టమైతే మూడేళ్లు, ఐదేళ్ల దాకా రాసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ రుసుం, స్టాంపు సుంకం మాఫీ చేయండి. మూడేళ్లకు మించి రాసిన చేలకు పచ్చిరొట్ట విత్తనం, జిప్సం ఉచితంగా ఇవ్వండి. ఇందులో యజమానికీ లాభమే, చేను బాగుపడి తిరిగొస్తుంది.

4. బ్యాంకులు మీ చట్టం కిందికి రావు, ఒప్పుకుంటాం. అయితే కౌలు రుణాలకు రాష్ట్రం తరఫున పూచీ నిధి పెట్టడం మీ బడ్జెట్ పని. అలాగే లీడ్ బ్యాంకు పథకంలో జిల్లా స్థాయి సమీక్షా కమిటీ సమావేశాలకు మిమ్మల్ని పిలుస్తారు. వెళ్లండి. మండలాల వారీగా ఎన్ని పత్రాలున్నాయి, ఎందరికి ఎంత రుణం ఇచ్చారు, ఎన్ని దరఖాస్తులు ఏ కారణంతో వెనక్కి పోయాయి అని అడిగి మినిట్స్‌లో రాయించండి. నలుగురి నుంచి పదిమంది దాకా ఉండే ఉమ్మడి పూచీ బృందాలకు ఇచ్చిన రుణాల్లో కౌలుదారులవి ఎన్నో విడిగా చూపమనండి.

5. ఈ-పంట నమోదు, నష్ట పరిహారం, బీమా, ధాన్యం కొనుగోలు, మరణ పరిహారం: ఈ ఐదూ అసలు సాగుదారుకే చెందుతాయని చట్టంలో రాయండి. జీవోలో రాస్తే మరో జీవో వచ్చేదాకే దాని ఆయుష్షు.

6. తెలంగాణలో కొత్త భూరికార్డుల వ్యవస్థ అయిన భూభారతి రికార్డులో ప్రతి సీజనుకూ అసలు సాగుదారు పేరు నమోదు చేసే నిబంధన స్పష్టంగా పెట్టండి. రుణ అర్హత కార్డులు మళ్లీ ఇవ్వండి. రైతు బీమాను కౌలుదారులకు విస్తరించండి.

7. దేవాదాయ భూముల విషయంలో యజమాని భయం అన్న సాకే లేదు. కౌలు ఖరారైన రోజే సాగుదారు పత్రం చేతికివ్వాలి.

8. ఏటా ఈ చట్టం అమలుపై మండలాల వారీ నివేదిక సభ ముందు పెట్టాలన్న సెక్షన్ చేర్చండి.

సవరణ వచ్చేదాకా ఆగక్కర్లేని పనులు కూడా ఉన్నాయి. వచ్చే సమావేశాల్లో ఒక నక్షత్ర గుర్తు ప్రశ్న (మంత్రి సభలోనే నోటితో జవాబివ్వాల్సినది) వేయండి. (అ) గత మూడేళ్లలో ఏటా ఎన్ని సాగుదారు పత్రాలు ఇచ్చారు? (ఆ) వాటిలో ఎన్నింటి మీద పంట రుణం మంజూరైంది, మొత్తం ఎంత? (ఇ) యజమాని సంతకం లేదన్న కారణంతో ఎన్ని దరఖాస్తులు ఆగాయి? (ఈ) పంట నష్ట సాయం పొందినవారిలో పత్రం ఉన్న కౌలుదారులెందరు? (ఉ) కౌలుదారుల ఆత్మహత్యల్లో ఎన్నింటిని "రైతు కాదు" అని తిరస్కరించారు? మూడో దానికి "వివరాలు లేవు" అని జవాబు వస్తుందని మా అనుమానం. సంతకం లేని దరఖాస్తును చాలాచోట్ల తీసుకోనే తీసుకోరు, ఇక లెక్కలోకి ఎలా వస్తుంది? ఆ జవాబే వస్తే వివరాలు సేకరించి సభ ముందు పెడతామన్న హామీ మంత్రి నుంచి తీసుకోండి, అది నెరవేరకపోతే హామీల కమిటీ దృష్టికి తీసుకెళ్లండి. ఈ అంశం మీద ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టడానికి ముందుకొచ్చే సభ్యులెవరైనా ఉంటే, వారు ఏ పార్టీవారైనా సరే, సెక్షన్ల వారీగా ముసాయిదా రాసివ్వడానికి మేం సిద్ధం.

చివరగా ఒక విన్నపం, దీనికి బిల్లూ అక్కర్లేదు, స్పీకరు అనుమతీ అక్కర్లేదు. మీలో చాలామందికి పొలాలున్నాయి. వాటిని మీరే దున్నుతున్నారని మేమనుకోవడం లేదు. ఈ తొలకరికి ముందే మీ చేను చేస్తున్న మనిషిని గ్రామ సచివాలయానికి వెంటబెట్టుకు వెళ్లి, ఆ ఒప్పంద పత్రం మీద మీ సంతకం పెట్టండి. తెలంగాణ సభ్యులు తమ కౌలుదారు పేరున రుణ అర్హత కార్డుకు తహశీల్దారుకు అంగీకార పత్రం ఇవ్వండి. ఊళ్లో మిగతా యజమానులు చూస్తారు.

ఇట్లు,
కౌలు రైతుల అర్జీలు, పత్రాల పని చూస్తున్న కొందరం